హ్యాండ్ గేరు తీసి ఫ్లోర్ గేరు: 1978 అంబాసిడర్‌కి ఇసుజు ఐదు గేర్ల బాక్సు

మే, రెండో వారం

బాక్సు దొరికింది. అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ బండిలోంచి ఊడదీసిన ఇసుజు ఐదు గేర్లది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టు వెనక లారీ హౌసింగుల కింద పడి ఉంది. బెల్ హౌసింగు (క్లచ్‌ని కప్పుతూ బాక్సుని ఇంజనుకి కలిపే గిన్నెలాంటి పోత), క్లచ్ ఫోర్కు, రిలీజ్ బేరింగు (ఫోర్కు తోస్తే క్లచ్‌ని విడదీసేది), గేరు రాడ్డు, ప్రొపెల్లర్ షాఫ్టు (బాక్సు నుంచి వెనక చక్రాల వైపు పోయే గొట్టం) ముందు యోకు (ఆ గొట్టాన్ని బాక్సుకి కలిపే ముక్క), అన్నీ దానికే ఉన్నాయి. కొట్టాయన యోకు విడిగా అమ్ముతానన్నాడు. కుదరదన్నాను. యోకు లేకుండా బాక్సు కొనడమంటే తాళంచెవి లేని బీరువా కొనడమే.

బేరం కాకముందే డ్రెయిన్ బోల్టు విప్పించాను. ఆయిల్ నల్లగా వచ్చింది కానీ అడుగున అయస్కాంతం తిప్పితే బూడిదరంగు ముద్దలాంటిదే అంటింది, పలుకులు తగల్లేదు. ముద్ద వస్తే అది వయసు. పలుకులు వస్తే పళ్లు విరిగినట్టు, వదిలేసి వెళ్లిపోవాలి. ఇన్‌పుట్ షాఫ్టు చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ వేసి చూశాం. ఐదో గేరులో ఇన్‌పుట్ షాఫ్టు పది చుట్లకి వెనక షాఫ్టు దాదాపు పదకొండున్నర చుట్లు తిరిగింది. నాకు కావల్సింది ఆ ఒకటిన్నర చుట్టే.

బండి మా పెదనాన్నది. 1978 మార్క్ 3, 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ ఇంజను, స్టీరింగు కింద హ్యాండ్ గేరు. నాలుగు గేర్లలో ఫస్టుకు సింక్రో (గేరు పడే ముందు పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగితే తప్ప పడదు. లింకేజీ బుష్‌లు ఎన్నిసార్లు మార్చినా ఆర్నెల్లకు మళ్లీ రాడ్డు గిలగిలలాడుతుంది, సెకండు కోసం లాగితే రివర్సు తలుపు తడుతుంది. బాక్సు కూడా మూడో గేరులో ఏడుస్తోంది.

ఇంజను కూడా ఇసుజుదే పెట్టెయ్యొచ్చుగా అని ప్రతివాడూ అడుగుతున్నాడు. పెట్టొచ్చు. కానీ ఇంజను నంబరు ఆర్సీలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను ఉంది, ఇంజను మారిస్తే రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో ఎక్కించడం, ఆ తిరుగుడంతా ఉంటుంది. గేర్‌బాక్సుకి ఆర్సీలో గడి లేదు. పైగా ఈ ఇంజను బాగుంది, ఆయిల్ ప్రెషరు వేడి మీద కూడా నిలబడుతోంది. బాగున్నదాన్ని పీకడం నాకిష్టం లేదు.

బీఎంసీ బీ సిరీస్ ఇంజను మనకు అంబాసిడర్‌తో గుర్తు గానీ, 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోదీ ఇదే 1489 సీసీ. అన్న అక్కడ స్పోర్ట్స్ కారు లాగాడు, తమ్ముడు ఇక్కడ కలెక్టర్లనీ పెళ్లికొడుకులనీ మోశాడు. ఇంగ్లండులో ఎంజీల వాళ్లు ఇదే కుటుంబం ఇంజనుకి ఫోర్డ్ సియెర్రాలో వచ్చిన టైప్ 9 ఐదు గేర్ల బాక్సు పెట్టుకుంటారు. దానికి బెల్ హౌసింగు నుంచి క్లచ్ ప్లేటు దాకా రెడీమేడ్ కిట్లు అమ్ముతారు. మనకి కిట్టు లేదు, ఆటోనగర్ ఉంది.

మే చివర

కొలతలు. ఈ పనిలో ఇదే ముఖ్యం, ఫొటోలకి పనికిరానిదీ ఇదే.

బీఎంసీ బాక్సుకి బెల్ హౌసింగు విడిగా ఉండదు, కేసింగులోనే పోత పోసి ఉంటుంది. దాన్ని తీసేశాక ఇంజను వెనక మిగిలేది ఒక ఇనప పలక, దాని మధ్యలో ఫ్లైవీలు. ఇసుజు బెల్ హౌసింగు బోల్టు కన్నాలు ఆ పలక కన్నాలతో ఒక్కటీ కలవవు. మధ్యలో అడాప్టరు ప్లేటు కావాలి. దాని మందం ఎంత అన్నది మన ఇష్టం కాదు, బాక్సు ఇన్‌పుట్ షాఫ్టే చెబుతుంది.

షాఫ్టు మూతి క్రాంకు వెనక ఉన్న చిన్న బుష్‌లో కూర్చోవాలి, కానీ అడుగు తగలకూడదు. షాఫ్టు మీది స్ప్లైన్ల (పొడుగు గాళ్ల) మీద క్లచ్ ప్లేటు హబ్ పూర్తిగా ఎక్కాలి, కానీ ప్లేటు అరిగాక ముందుకు జరగడానికి చోటుండాలి. ఫోర్కు తన కదలికలో మధ్యన ఉన్నప్పుడు రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు వేళ్లని ముట్టుకోవాలి. ఈ మూడూ ఒకే మందం దగ్గర కలవాలి. డెప్త్ గేజీతో ఇంజను పలక నుంచి ఫ్లైవీలు ముఖం, ఫ్లైవీలు నుంచి క్రాంకు బోరు అడుగు, అవతల బెల్ హౌసింగు అంచు నుంచి షాఫ్టు మూతి, అన్నీ ఒక అట్ట మీద రాసి తీసివేతలు చేస్తే పదిహేడున్నర మిల్లీమీటర్ల దగ్గర తేలింది.

లెక్కని నేను నమ్మను. అందుకని చెక్కతో పదిహేడున్నర మందం రింగు కోయించి, క్రాంకు బోరులో పిల్లలు ఆడుకునే మైనం ముద్ద కూరి, క్లచ్ లేకుండా బాక్సు ఎక్కించి బిగించాం. విప్పి మైనం బయటికి తీసి బ్లేడుతో కోస్తే, షాఫ్టు మూతి గుర్తు కింద నాలుగు మిల్లీమీటర్ల మైనం మిగిలింది. అంటే అంత ఖాళీ ఉంది. చాలు. ఖాళీ లేకపోతే బెల్ హౌసింగు బిగిస్తున్నకొద్దీ షాఫ్టు క్రాంకుని ముందుకి నెడుతుంది. ఈ ఇంజనుకి థ్రస్ట్ వాషర్లు (క్రాంకు ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేవి) మధ్య మెయిన్ బేరింగు దగ్గర ఉంటాయి. అవి నలిగిన సంగతి సంప్ (ఇంజను అడుగున ఆయిల్ తొట్టి) విప్పితే గానీ తెలియదు.

ఇంకో సంగతి. ఇంజను వైపు బోల్టులన్నీ అంగుళం లెక్క, యూఎన్ఎఫ్ మర. బాక్సు వైపు మిల్లీమీటరు లెక్క. అయిదు బై పదహారు అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, కాబట్టి ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు ఆ కన్నం దగ్గర ఆశ చూపిస్తుంది, ఒక చుట్టు ఎక్కుతుంది కూడా, ఆ తర్వాత మర చీరేస్తుంది. రెండు డబ్బాలు పెట్టి, అంగుళం బోల్టుల తలల మీద ఎర్ర పెయింటు చుక్క వేశాం.

జూన్

ప్లేటు ఇనుముతోనా, అల్యూమినియంతోనా అన్న దాని మీద లేత్ మేస్త్రికీ నాకూ కొంచెంసేపు నడిచింది.

“ఇనుం వేయించుకో బాబూ, వందేళ్లుంటది.”

“బరువు మేస్త్రి గారూ. బాక్సుకే ఒక జాకీ సరిపోవట్లేదు.”

“మోసేది నువ్వా, బండా?”

చివరికి అల్యూమినియమే. ఇనుములో మూడో వంతు బరువు, రేడియల్ డ్రిల్లు మీద త్వరగా సాగుతుంది. ఇరవై మిల్లీమీటర్ల పలక తెచ్చి రెండు వైపులా ఫేసింగ్ చేసి కొలతకి దించాం. అల్యూమినియంలో నేరుగా మర వేయలేదు. ఇంజను పలకకి పట్టే బోల్టులు తల లోపలికి దిగే అలెన్ బోల్టులు. బెల్ హౌసింగు వైపు ప్లేటుని పూర్తిగా దాటుకుని వచ్చే స్టడ్లు, వాటి తలలు ఇంజను వైపు గుంటలో కూర్చుంటాయి. ఒకసారి కాకపోతే ఒకసారి క్లచ్ కోసం బాక్సు దించాల్సిందే, అప్పుడు మర ఊడి చేతికి రాకూడదు.

ఫ్లైవీలు, రింగ్ గేరు, స్టార్టరు బీఎంసీవే ఉంచాం. స్టార్టరు తన పాత చోటునే ఉంటుంది కాబట్టి దాని మూతి దూరేందుకు ఇసుజు బెల్ హౌసింగు గోడలో కిటికీ కోయాల్సి వచ్చింది. కోసిన చోట అంచులు ఫైలుతో గుండ్రం చేయాలి. పోత అల్యూమినియంలో పదునైన మూల వదిలితే పగులు అక్కడినుంచే మొదలవుతుంది.

ఇక అసలు సంగతి, సెంటరు.

ప్లేటు ఎంత అందంగా ఉన్నా, బెల్ హౌసింగు మధ్య బోరు క్రాంకు మధ్యతో ఒకే గీత మీద లేకపోతే అంతా దండగ. షాఫ్టు మూతి ఒకవైపు ఒత్తుకుంటూ తిరుగుతుంది. బుష్ కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది, క్లచ్ సరిగ్గా విడవదు, గేరు పట్టేస్తుంది, ముందు బేరింగు మూలుగుతుంది. జనం బాక్సు బాగోలేదని ఇంకో బాక్సు కొంటారు.

డయల్ గేజీ అయస్కాంతం స్టాండుని ఫ్లైవీలు ముఖానికి అంటించి, సూది బెల్ హౌసింగు బోరు లోపలి గోడని తాకేలా పెట్టాం. బావ ముందు నుంచి క్రాంకు నట్టుకి పానా వేసి నెమ్మదిగా తిప్పుతున్నాడు, నేను కింద పడుకుని సూది చూస్తున్నాను. ప్లగ్గులు తీసేసి తిప్పాలి, లేకపోతే కంప్రెషను దగ్గర ఎగిరి సూది గంతులేస్తుంది. మొదటి చుట్టుకి మొత్తం తేడా 0.38 మిల్లీమీటర్లు. అంటే సెంటరు 0.19 పక్కకి ఉంది. గేజీ చూపించేది ఎప్పుడూ అసలు జరుగుడుకి రెట్టింపు, ఇది మర్చిపోతే ప్లేటుని అవతలి వైపుకి నెట్టేస్తాం. ఈ పనిలో అందరూ పెట్టుకునే హద్దు మొత్తం పది థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే పావు మిల్లీమీటరు.

మేస్త్రి పని మీద నాకు అనుమానం లేదు. ఆయన బోరు చేసింది ఇంజను పలక డోవెల్ (భాగాలని చోటు తప్పకుండా పట్టి ఉంచే పిన్ను) కన్నాల లెక్కన. ఆ కన్నాలు నలభై ఏళ్లకి పైగా నలిగినవి. అందుకని డోవెళ్లు ముందుగా వేయకుండా, ప్లేటు బోల్టుల కన్నాలు కొంచెం వదులుగా పెట్టించాను. బోల్టులు సగం బిగించి, కొయ్య సుత్తితో ప్లేటుని ఇటు చిన్న దెబ్బ, అటు చిన్న దెబ్బ.

“బావా, ఇంకో పావు చుట్టు.”

“ఎంతుంది?”

“పన్నెండు. ఆగు, పది.”

0.10 దగ్గర నిలిచింది. బోల్టులు పూర్తిగా బిగించి మళ్లీ చూశాం, అంతే ఉంది. బిగించేటప్పుడు జరగడం మామూలే, అందుకే మళ్లీ చూడాలి. తర్వాత సూదిని బెల్ హౌసింగు ముఖం మీద పెట్టి తిప్పాం. బోరు సెంటరులో ఉండి ముఖం వాలుగా ఉన్నా అదే తగులాట. అది బాగానే వచ్చింది. అప్పుడు, ఆ స్థితిలోనే, ప్లేటునీ ఇంజను పలకనీ కలిపి రీమరు వేసి కొత్త డోవెల్ పిన్నులు కొట్టాం. ఇకమీదట ఎన్నిసార్లు ఊడదీసినా అక్కడికే వచ్చి కూర్చుంటుంది.

ఎవరైనా ఈ పని మొదలుపెడితే డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఈ పూట మాత్రం తగ్గించుకోవద్దు. మంచి డయల్ గేజీ లేకపోతే అద్దెకి తెచ్చుకోండి.

జూన్ చివర

బుష్. క్రాంకు బోరు బీఎంసీ కొలత, షాఫ్టు మూతి ఇసుజు కొలత. బయట అది, లోపల ఇది ఉండేలా కొత్త బుష్ చేయించాలి. గట్టి కంచు కాదు, ఆయిల్ పీల్చుకునే పొడి కంచు దిమ్మ తెప్పించాం. ఆ లోహంలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, అక్కడికి గ్రీజు గన్ను పోదు కాబట్టి ఆ రంధ్రాల్లోని ఆయిలే బతికినంతకాలం దిక్కు. లేత్ మీద పదునైన టూలుతో కోయాలి, మొద్దు టూలు రంధ్రాలని రుద్ది మూసేస్తుంది.

బుష్‌కి ఆయిల్ పట్టించడం చూడముచ్చటైన పని. ఒక వైపు బొటనవేలు మూసి, బుష్ నిండా ఇంజను ఆయిల్ పోసి, పైన రెండో బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాలి. కాసేపటికి బయటి గోడ మీద చెమట పట్టినట్టు చిన్న చిన్న ఆయిల్ చుక్కలు పైకొస్తాయి. బావ నమ్మలేదు, తుడిచేసి మళ్లీ తనే నొక్కి చూశాడు. క్రాంకులోకి కొట్టినప్పుడు బుష్ కొంచెం బిగుస్తుంది, లోపలి బోరు ఆ మేరకు తగ్గుతుంది. ముందే రెండు థౌలు ఎక్కువ పెట్టించాం. కొట్టాక షాఫ్టు చేత్తో దూర్చి తిప్పితే ఊగకుండా, పట్టకుండా తిరిగింది.

క్లచ్ ప్లేటు. బీఎంసీది ఎనిమిది అంగుళాల ప్లేటు, దాని హబ్ స్ప్లైన్లు ఇసుజు షాఫ్టుకి ఎక్కవు. ఆటోనగర్‌లో క్లచ్ ప్లేట్లు రివిట్లు కొట్టే కొట్టులో ఇసుజు ప్లేటు హబ్ కోసి బీఎంసీ ప్లేటుకి మార్పించాం. అక్కడ పని చేసే కుర్రాడికి నేను చెప్పాల్సింది ఒకటే మిగిలింది: హబ్ ఎత్తుగా ఉన్న వైపు ఎటు రావాలో. తిరగేస్తే హబ్ వెళ్లి ఫ్లైవీలు బోల్టుల తలలని గీకుతుంది. ఇంటికి తెచ్చి ప్లేటుని ఫ్లైవీలు మీద ఆనించి చేత్తో తిప్పి చూశాను, ఎక్కడా తగల్లేదు. రివిట్లు కొట్టాక ప్లేటు వంకర కూడా చూసుకోవాలి, రెండు సెంటర్ల మధ్య పెట్టి తిప్పితే తెలిసిపోతుంది.

రిలీజ్ బేరింగు మీద ఎక్కువ రాయను. బీఎంసీది కార్బన్ రింగు, దాన్ని వదిలేసి ఇసుజు బాల్ బేరింగే వాడాం. దాని ముఖం ప్రెషర్ ప్లేటు రింగు మీద చదునుగా కూర్చునేలా స్లీవు ఒకటి టర్నింగ్ చేయించాం.

క్లచ్ కదిలించే ఏర్పాటు మాత్రం లెక్క చేయకుండా కొంటే తిప్పలే. పాత ఏర్పాటులో ఏదీ కొత్త ఫోర్కుకి అందలేదు, కాబట్టి కొత్తగా మాస్టరు సిలిండరు (పెడలు నొక్కేది), స్లేవు సిలిండరు (ఫోర్కుని తోసేది). బేరింగు ఎనిమిది మిల్లీమీటర్లు కదిలితే క్లచ్ శుభ్రంగా విడుతోంది. ఫోర్కు రెండింతలు, అంటే స్లేవు రాడ్డు పదహారు, సందులకి ఇంకో రెండు, మొత్తం పద్దెనిమిది. స్లేవు బోరు ఏడు బై ఎనిమిది అంగుళం. మాస్టరు ముప్పావు అంగుళంది అయితే దాని పిస్టను 24.5 మిల్లీమీటర్లు తోయాలి, అయిదుకి ఒకటి పెడలు అయితే పాదం పన్నెండు సెంటీమీటర్లు నొక్కాలి. అయిదు బై ఎనిమిది మాస్టరు పెడితే పెడలు మెత్తగా ఉంటుంది గానీ పాదం పదిహేడున్నర సెంటీమీటర్లు పోవాలి, ఈ లోపల నేల అడ్డొస్తుంది. ముప్పావు కొన్నాం. కొంచెం గట్టిగా ఉంది. పెదనాన్న కాలికి అలవాటవుతుంది, పాత హ్యాండ్ గేరు ఆయన భుజానికి అలవాటైనట్టే.

జూలై

బాక్సు బండి కింద ఎక్కింది. పాతదానికన్నా పొడుగు, వెనక మౌంటు పాత చోటికి రాదు. అంబాసిడర్ ముందు సస్పెన్షను టార్షన్ బార్లది, అంటే స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలు. ఆ బార్లు వెనక్కి పొడుగ్గా వచ్చి బండి అడుగున పట్టుకుంటాయి. ఆ పట్టున్న చోట కోత పెట్టకూడదు, వెల్డింగు వేడి కూడా తగలనివ్వకూడదు, బండి ముందు భాగం ఎత్తంతా దాని మీదే నిలబడి ఉంది. కాబట్టి దానికి వెనకగా, ఫ్లోరు పక్క పట్టీల నుంచి పట్టీలకి కొత్త క్రాస్ మెంబరు కట్టాం, బోల్టులతో ఊడివచ్చేలా. మౌంటు రబ్బరు ఇసుజుదే.

ఫ్లోరు కోత చిన్నదే. గేరు రాడ్డు వచ్చిన చోటు చిక్కు. ముందు సీటు ఒకటే పొడుగు బెంచీ, రాడ్డు సరిగ్గా దాని ముందంచు దగ్గర పైకొచ్చింది, సెకండు, నాలుగు వేసినప్పుడు చెయ్యి సీటుకి తగులుతోంది. బకెట్ సీట్లు పెట్టమన్నారు ఆటోనగర్‌లో. పెదనాన్న ఒప్పుకోలేదు.

“ముందు ముగ్గురం కూర్చునే బండిరా ఇది.”

రాడ్డుని కింది వైపు వేడి చేసి ముందుకి వంచి, మళ్లీ పైకి తిప్పించాం. ఇప్పుడు చెయ్యి తగలట్లేదు. మధ్యలో కూర్చునేవాడి మోకాలు తగులుతుంది. ఐదో గేరు వేసేటప్పుడు వాడు కాళ్లు ఎడమకి తిప్పాలి. ముగ్గురు కూర్చుంటారు, అంతే.

ప్రొపెల్లర్ షాఫ్టు. ముందు ఇసుజు యోకు, వెనక అంబాసిడర్ హౌసింగు (వెనక ఇరుసు పెట్టె) ఫ్లాంజీ, మధ్యలో గొట్టం కోసి కలపాలి. పొడుగు కొలిచేటప్పుడు బండి జాకీ మీద ఉండకూడదు, నాలుగు చక్రాల మీద నిలబడి, వెనక ఇద్దరు కూర్చుని ఉండాలి. హౌసింగు వేలాడుతుంటే వచ్చే కొలత వేరు. యోకుని బాక్సులోకి పూర్తిగా తోసి, అక్కడినుంచి ఇరవై రెండు మిల్లీమీటర్లు బయటికి లాగి ఆ స్థితిలో కొలిచాం. వెనక ఆకుల స్ప్రింగులు కుంగినప్పుడు యోకు లోపలికి జరగడానికి ఆ చోటు. గొట్టం కలిపేటప్పుడు రెండు చివర్ల యోకులూ ఒకే తలంలో ఉండాలి. వెల్డింగు ముందు బల్ల మీద పెట్టి రెండు క్రాసులూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, తర్వాత బ్యాలెన్సింగుకి పంపాలి.

మొదటిసారి రోడ్డెక్కింది. గేర్లు వెన్నలా పడుతున్నాయి, నడుస్తూ ఉండగా ఫస్టు పడింది, పెదనాన్న నమ్మలేక రెండోసారి వేయించుకుని చూశారు. కానీ అరవై దాటాక నేలలోంచి ఒక వణుకు. డెబ్బై దగ్గర అద్దంలో వెనక లారీ రెండుగా కనపడుతోంది. న్యూట్రల్ చేసి వదిలినా వణుకు అదే వేగం దగ్గర ఉంది. అంటే ఇంజను కాదు, క్లచ్ కాదు. షాఫ్టు బ్యాలెన్సింగు చూసి వచ్చిందే. మిగిలింది కోణం.

క్రాసు జాయింటు ఒంపుతో తిరిగేటప్పుడు అవతలి షాఫ్టుని ఒకే వేగంతో తిప్పదు. చుట్టుకి రెండుసార్లు ముందుకి లాగి, రెండుసార్లు వెనక్కి పట్టుకుంటుంది. వెనక జాయింటుకి అంతే ఒంపు ఉంటే ఆ హెచ్చుతగ్గుల్ని అది చెరిపేస్తుంది. రెండు ఒంపులూ సమానం కాకపోతే మిగిలినదంతా మన నడుముకి చేరుతుంది. ఫోనులో కోణం చూపించే యాప్ ఉంటుంది, అది చాలు. బాక్సు వెనక్కి మూడున్నర డిగ్రీలు కిందికి వాలి ఉంది. షాఫ్టు నాలుగున్నర. అంటే ముందు జాయింటు ఒంపు ఒక డిగ్రీ. హౌసింగు పినియను (ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పే చిన్న గేరు) మూతి ఒక డిగ్రీ మాత్రమే పైకి చూస్తోంది, కాబట్టి వెనక ఒంపు మూడున్నర. రెంటికీ తేడా రెండున్నర డిగ్రీలు.

పాత షాఫ్టుతో ఈ బండి వణకలేదు, ఎందుకంటే పాత బాక్సు తోక వేరే ఎత్తులో ఉండేది. బాక్సు మారితే వెనక హౌసింగు కూడా ఈ లెక్కలోకి వస్తుందన్నమాట.

ఆకుల పట్టీకీ హౌసింగు కూర్చునే దిమ్మకీ మధ్య రెండు డిగ్రీల వాలు ముక్కలు మిల్లింగ్ చేయించి పెట్టాం. మందం వైపు ముందుకో వెనక్కో అన్నది హౌసింగు ఆకుల మీద కూర్చుందా, కిందనుందా చూసి నిర్ణయించుకోవాలి, పినియను మూతి పైకి లేవాలి, అదే గుర్తు. ఇప్పుడు పినియను మూడు డిగ్రీలు, వెనక ఒంపు ఒకటిన్నర, ముందు ఒకటి. ఆ అర డిగ్రీ కావాలనే ఉంచాను. యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఆకులు మెలిపడి పినియను మూతి ఇంకొంచెం పైకి లేస్తుంది, నడకలో రెండూ దగ్గరపడతాయి. ముక్కలు పెట్టాక యోకు ఖాళీ మళ్లీ కొలిచాం, పెద్ద తేడా లేదు. యూ బోల్టులు ఆ ముక్కల మందానికి పొట్టివయ్యాయి, కొత్తవి.

ఎన్‌హెచ్ 16 మీద మంగళగిరి వైపు తీసుకెళ్లాం. ఎనభై దాకా అద్దంలో లారీ ఒకటే ఉంది.

ఆగస్టు

చిల్లర పనులు. బీఎంసీ హౌసింగులకి కిరీటం, పినియను పళ్ల జతలు కొన్ని ఉన్నాయి: 8కి 39, 9కి 41, 10కి 43. మా బండిది 9కి 41, అంటే 4.56. టైరు 5.90-15, చాకుపీసుతో గీత పెట్టి ఒక చుట్టు దొర్లిస్తే రెండు మీటర్ల మూడు సెంటీమీటర్లు. ఎనభై కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరులో ఇంజను మూడు వేల చుట్ల దగ్గర ఉంటుంది, ఐదులో 2600 దగ్గర. కాగితం మీద నాలుగు వందలే. చెవికి మాత్రం చాలా తేడా. పెదనాన్న, బండి చప్పుడు మీదుగా కాకుండా మామూలు గొంతుతో మాట్లాడారు.

10కి 43 వేస్తే ఇంకా తగ్గుతుంది కదా అని బావ. తగ్గుతుంది. కానీ ఈ ఇంజను బలం అంతంతే, నలుగురితో ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు నాలుగుకి దిగాల్సి వస్తుంది. ఇప్పటికి ఉన్నదే మంచిది.

స్పీడోమీటరు. కేబులు కొనలు కలవలేదు, రెండు పాత కేబుళ్లు కోసి ఒకటి చేయించాం. చూపించే వేగం అబద్ధం. మీటరు వెనక కేబులు విప్పి, లోపలి తీగకి కాగితం జెండా అంటించి, బండిని టేపు కొలిచిన దూరం తోసి చుట్లు లెక్కపెట్టాం. మీటరు అడిగేదానికన్నా బాక్సు ఎక్కువ చుట్లు ఇస్తోంది, అరవై చూపిస్తే ఫోను జీపీఎస్‌లో యాభై రెండు. కేబులు మధ్యలో చిన్న రిడక్షను గేరు చేసేవాళ్ల దగ్గర ఆ నిష్పత్తి ఇచ్చి వచ్చాను. అది వచ్చేదాకా పెదనాన్నకి మనసులో లెక్క.

ఆయిల్. బాక్సులో జీఎల్-4 రకం 80డబ్ల్యూ-90 పోశాం. కొట్టులో జీఎల్-5 ఇంకా మంచిదని అంటగట్టబోయారు. హౌసింగుకి అదే మంచిది, బాక్సుకి కాదు. అందులో కలిపే గంధకం మందు సింక్రో రింగుల ఇత్తడిని తినేయొచ్చు.

కారడం ఆగలేదు. ఇంజను వెనక, ప్లేటు కింద అంచున రోజుకో చుక్క. ఇది ప్లేటుది కాదు. ఈ ఇంజనుకి క్రాంకు వెనక రబ్బరు సీలు ఉండదు, షాఫ్టు మీద మరలాంటి గాడి ఆయిల్‌ని లోపలికి తిప్పి పంపుతుంది. ఇంజను ఆగితే గాడీ ఆగుతుంది. కొత్తలోనే చెమర్చే ఇంజన్లివి. క్లచ్ మీద పడకుండా బెల్ హౌసింగు అడుగున ఉన్న కన్నం తెరిచి ఉంచాలి, అంతే. కొందరు ఆ కన్నానికి బోల్టు బిగించి కారడం ఆపామంటారు, ఆయిల్ లోపల నిండి క్లచ్ జారుతుంది.

వేడి మీద క్లచ్ ఎలా విడుతుందో చూడటానికి కొండపల్లి ఖిల్లా ఘాట్ ఎక్కించాం, మలుపుల్లో ఆపి, మళ్లీ కదిలించి, ఎండలో. దిగేటప్పుడు రివర్సు ఒకసారి కరకరలాడింది. స్లేవు రాడ్డు ఒక మర పొడిగించాం, ఆ తర్వాత రాలేదు. ఇంకో వేసవి చూస్తే గానీ ఇది పూర్తిగా తేలదు.

అయిదు వందల కిలోమీటర్ల తర్వాత బాక్సు ఆయిల్ దించాం. అయస్కాంతానికి సన్నటి ముద్దే, పలుకులు లేవు. స్టడ్ల నట్లు ఒక్కొక్కటీ టార్కు పెట్టి చూస్తే రెండు కొంచెం కదిలాయి, మళ్లీ బిగించి మార్కరుతో గీతలు పెట్టాను. పాత నాలుగు గేర్ల బాక్సుని ఆయిల్ పోసి, కన్నాలకి గుడ్డలు కూరి షెడ్డులో మూలన పెట్టాం. గుడివాడ నుంచి ఒకాయన అడుగుతున్నారు, ఆయన మార్క్ 2కి కేసింగు పగిలిందట. పెదనాన్న ఇంకా సరేననలేదు. స్పీడోమీటరు గేరు వచ్చాక ఫ్లోరు కోతకి రబ్బరు బూటు, తివాచీ పని ఉంది.